లండన్–సిడ్నీ: 17,000 కిలోమీటర్లకి 19 గంటలా, 23 గంటలా, 33 గంటలా?

మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్న ముందు ఒకసారి ఇక్కడ పెడతాను. లండన్ నుంచి సిడ్నీకి దూరం సుమారు 17,000 కి.మీ. అని చూశారు, విమానం గంటకి 900 కి.మీ. పోతుంది కాబట్టి 19 గంటల్లో చేరాలని లెక్క వేసుకున్నారు. తీరా టికెట్ చూస్తే, అక్టోబరు రెండో వారంలో సోమవారం రాత్రి 10 గంటలకి లండన్‌లో ఎక్కి బుధవారం ఉదయం 7:10కి సిడ్నీలో దిగుతున్నట్టుంది. గడియారాలు చూసుకుంటే అది 33 గంటల 10 నిమిషాలు. నవంబరు మొదటి వారంలో తిరుగు ప్రయాణమేమో సిడ్నీలో సాయంత్రం 5కి బయల్దేరి మర్నాడు ఉదయం 6:15కే లండన్, అంటే 13 గంటల 15 నిమిషాలు. రెండు వైపులా సింగపూర్‌లో రెండేసి గంటలే ఆగుతున్నప్పుడు వెళ్ళడానికి 33, రావడానికి 13 ఎలా అవుతుంది, నిజంగా విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి, ఎక్కడా ఆగకుండా పోయే విమానం ఎందుకు లేదు అని అడిగారు.

నేను డిస్పాచ్ విభాగంలో ఫ్లైట్ ప్లాన్లు వేసే పని చేస్తాను, చాలా ఏళ్ళుగా రోజూ చూసే లెక్కలే ఇవి. ముందు సూటిగా జవాబు: మీరు వెళ్ళడానికి పట్టేది 23 గంటల 10 నిమిషాలు, రావడానికి పట్టేది 24 గంటల 15 నిమిషాలు. అందులో సింగపూర్‌లో ఆగే రెండు గంటలు తీసేస్తే విమానంలో వెళ్ళేటప్పుడు 21 గంటల పైన, వచ్చేటప్పుడు 22 గంటల పైన ఉంటారు. 33, 13 అనేవి ప్రయాణ సమయాలు కావు, రెండు ఊళ్ళ గోడ గడియారాలకి మధ్య తేడా కలిసిపోయిన అంకెలు. ఇక 19 అనేది ఎందుకు కుదరదో, తిరుగు ప్రయాణం ఎందుకు గంట ఎక్కువో, అసలు సంగతంతా అక్కడే ఉంది, దానికి కాస్త ఓపిగ్గా చదవాలి.

గడియారం గొడవ ముందు తేల్చేద్దాం. టికెట్ మీద ఉండే ప్రతి సమయం ఆ ఊరి స్థానిక సమయమే, దీనికి మినహాయింపు లేదు. బయల్దేరే టైము బయల్దేరే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. మేము ఫ్లైట్ ప్లాన్‌లో స్థానిక సమయాల జోలికే పోము, అంతా యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా వాడే ప్రామాణిక సమయంలోనే రాస్తాం. మీరూ అలాగే చేయండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అక్టోబరు రెండో వారంలో లండన్‌లో ఇంకా వేసవి సమయమే నడుస్తుంది, అంటే యూటీసీకి ఒక గంట ముందు. కాబట్టి మీ సోమవారం రాత్రి 10 అంటే యూటీసీలో సోమవారం రాత్రి 9. సిడ్నీలో అప్పటికే వాళ్ళ వేసవి సమయం మొదలై ఉంటుంది, యూటీసీకి 11 గంటలు ముందు. మీ బుధవారం ఉదయం 7:10 అంటే యూటీసీలో మంగళవారం రాత్రి 8:10. సోమవారం రాత్రి 9 నుంచి మంగళవారం రాత్రి 8:10 దాకా 23 గంటల 10 నిమిషాలు, అంతే. తిరుగు ప్రయాణంలో సిడ్నీ సాయంత్రం 5 అంటే యూటీసీ ఉదయం 6, లండన్ ఉదయం 6:15 అంటే నవంబరులో యూటీసీ కూడా అదే 6:15. ఒక రోజు తేడాతో 24 గంటల 15 నిమిషాలు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. లండన్, సిడ్నీల మధ్య తేడా ఏడాది పొడవునా ఒకటే కాదు. లండన్ ఉత్తరార్ధగోళంలో, సిడ్నీ దక్షిణార్ధగోళంలో ఉన్నాయి కాబట్టి ఒకరు గడియారం ముందుకి జరిపే కాలంలో ఇంకొకరు వెనక్కి జరుపుతారు. జులైలో తేడా 9 గంటలు, డిసెంబరులో 11 గంటలు. సిడ్నీలో అక్టోబరు మొదటి ఆదివారం గడియారం ముందుకి జరుగుతుంది, లండన్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి జరుగుతుంది, ఆ రెండు ఆదివారాల మధ్య మాత్రం 10 గంటలు. మీ ప్రయాణం సరిగ్గా ఆ మధ్యలో మొదలై, అది దాటాక ముగుస్తోంది. అందుకే వెళ్ళేటప్పుడు గడియారం లెక్కలోంచి 10 తీసేయాలి, వచ్చేటప్పుడు 11 కలపాలి. ఒకే తేడా వాడితే ఒక గంట ఎక్కడో మాయమైనట్టు కనిపిస్తుంది.

అమెరికా వైపు నుంచి సిడ్నీ వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు, అంతర్జాతీయ దినరేఖ, అంటే దాటితే తారీఖు ఒక రోజు మారిపోయే ఊహారేఖ. జులైలో లాస్ ఏంజెలెస్‌లో సోమవారం రాత్రి 10కి ఎక్కితే, 15 గంటల ప్రయాణం తర్వాత సిడ్నీలో బుధవారం ఉదయం 6కి దిగుతారు, మంగళవారం దాదాపుగా కనిపించదు. అదే సిడ్నీలో సోమవారం ఉదయం 10కి బయల్దేరితే పదమూడున్నర గంటలు ఎగిరి లాస్ ఏంజెలెస్‌లో అదే సోమవారం ఉదయం 6:30కి దిగుతారు, ఎక్కినదాని కంటే ముందే దిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. లెక్క మాత్రం అదే, యూటీసీలోకి మార్చుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

సరే, దూరం సంగతికి వద్దాం. గోడ మీద వేలాడే మ్యాప్‌లో లండన్ నుంచి సిడ్నీకి స్కేలు పెట్టి గీత గీస్తే ఆగ్నేయ దిశగా వాలుతూ పోతుంది. అది అతి దగ్గర దారి కాదు. ఒక గ్లోబు తీసుకుని, రెండు ఊళ్ళ మీద దారం పెట్టి బిగించి లాగండి. దారం లండన్ నుంచి బయల్దేరేది ఈశాన్యంగా! దక్షిణాన ఉన్న ఊరికి వెళ్ళడానికి ముందు ఉత్తరం వైపు ఎక్కుతుంది, మాస్కోకి కాస్త పైగా దాదాపు 57 డిగ్రీల అక్షాంశం దాకా పోయి, అక్కడి నుంచి కిందికి తిరిగి కజకస్తాన్, చైనా, దక్షిణ చైనా సముద్రం, ఫిలిప్పీన్స్, తూర్పు ఇండోనేషియా మీదుగా ఆస్ట్రేలియాలోకి దిగుతుంది. ఈ దారాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. లండన్ హీత్రో నుంచి సిడ్నీ విమానాశ్రయానికి అది సుమారు 17,020 కి.మీ.

ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో అంకె చూపిస్తోంది అన్నారు. దానికి కారణాలు మామూలువే. కొందరు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తారు, కొందరు విమానాశ్రయం నుంచి. కొందరు భూమిని నిఖార్సైన గోళంగా తీసుకుని 6,371 కి.మీ. వ్యాసార్థంతో లెక్కిస్తారు, ఇంకొందరు అసలు ఆకారం ప్రకారం లెక్కిస్తారు. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది కదా, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కి.మీ., ధ్రువాల వైపు 6,357 కి.మీ. ఈ తేడాలన్నీ కలిపినా అర శాతం దాటదు, వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు. నిజంగా మోసపోయేది మైళ్ళ దగ్గర. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. మామూలు మైలు 1.609 కి.మీ. అదే 17,020 కి.మీ. ఒకచోట 10,576 మైళ్ళు, ఇంకోచోట 9,190 మైళ్ళు అని కనిపిస్తే రెండూ సరైనవే.

ఈ జంట ఊళ్ళ విషయంలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా ఉండగల అతి ఎక్కువ దూరం సుమారు 20,000 కి.మీ., అంటే చుట్టుకొలతలో సగం. ఆ దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య ఏ దిక్కుగా బయల్దేరినా దూరం ఇంచుమించు ఒకటే. లండన్, సిడ్నీ దానికి చాలా దగ్గరగా ఉన్నాయి, అందుకే పక్కకి జరిగినా పెద్దగా నష్టం ఉండదు. లండన్–సింగపూర్ 10,885 కి.మీ., సింగపూర్–సిడ్నీ 6,290 కి.మీ., కలిపితే 17,175. నేరుగా పోయేదాని కంటే 155 కి.మీ. మాత్రమే ఎక్కువ, పదిహేడు వేల పైచిలుకు దూరంలో అదొక లెక్కే కాదు. హాంకాంగ్ మీదుగా అయితే ఆ తేడా కూడా ఉండదు. దుబాయ్ మీదుగా వెళ్ళినా పెరిగేది 500 కి.మీ. చిల్లర. అందుకే ఇన్ని ఊళ్ళ మీదుగా ఇన్ని ఎయిర్‌లైన్స్ ఈ దారిలో పోటీ పడగలుగుతున్నాయి. లాస్ ఏంజెలెస్ మీదుగా వెళ్తే మాత్రం 20,800 కి.మీ. దాటిపోతుంది. అంటే మీరు సింగపూర్‌లో ఆగడం వల్ల దూరం పెరిగి సమయం పెరిగిందని అనుకోకండి. పెరిగింది ఆగడం వల్లే, రెండుసార్లు ఎక్కి దిగడం వల్ల.

ఇప్పుడు ఆ 900 సంగతి. అది తప్పు అంకె కాదు, కానీ దాన్ని వాడే చోటు వేరు. పెద్ద విమానాలు పైన ఎగిరే వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి చెబుతారు, బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటివి సుమారు మ్యాక్ 0.85. ఆ ఎత్తులో, అంటే 36,000 అడుగుల పైన, ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చలిలో ధ్వని వేగం గంటకి 1,062 కి.మీ.కి పడిపోతుంది. అందులో 0.85 వంతు వేస్తే 900 వస్తుంది. కానీ ఇది చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం. నేల మీద ఎంత దూరం కదిలిందనేది ఆ గాలి ఎటు కదులుతోందో దాన్ని బట్టి ఉంటుంది. పైగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఈ వేగం ఉండదు, 10,000 అడుగుల కింద మామూలుగా 250 నాట్లకి మించి పోనివ్వరు (నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు వేగం).

మా ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద రెండు దూరాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి గ్రౌండ్ డిస్టెన్స్, రెండోది ఎయిర్ డిస్టెన్స్. మొదటిది నేల మీద దారి పొడవు. రెండోది ఆ దారి పూర్తయ్యేసరికి విమానం గాలిలో ఎంత దూరం ఈదాల్సి వచ్చిందో అది. గుండ్రటి అంకెలతో చూపిస్తాను. నేల మీద దారి 6,000 నాటికల్ మైళ్ళు, గాలిలో విమానం వేగం 480 నాట్లు అనుకుందాం. సగటున 30 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 450, ప్రయాణం 13 గంటల 20 నిమిషాలు, ఎయిర్ డిస్టెన్స్ 6,400 మైళ్ళు. అదే దారిలో వెనక నుంచి 20 నాట్ల గాలి తోస్తుంటే వేగం 500, ప్రయాణం 12 గంటలు, ఎయిర్ డిస్టెన్స్ 5,760 మైళ్ళు. ఊళ్ళు కదల్లేదు, దారి మారలేదు, విమానం అదే, అయినా గంటా ఇరవై నిమిషాలు తేడా. ఇంధనం లెక్క వేసేటప్పుడు మేము చూసేది ఈ రెండో దూరాన్నే. ప్రయాణికుడు కూడా సమయం కావాలంటే చూడాల్సింది అదే. కిలోమీటర్లని వేగంతో భాగిస్తే వచ్చేది గాలి లేని రోజు లెక్క, అలాంటి రోజు అంటూ ఒకటి ఉండదు.

ఈ గాలుల్లో పెద్దది జెట్ స్ట్రీమ్. రెండు అర్ధగోళాల్లోనూ మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తుకి అటూ ఇటుగా, పడమర నుంచి తూర్పుకి నది లాగా ప్రవహిస్తుంది. 100 నాట్లు మామూలు, చలికాలంలో 200 దాటడమూ ఉంటుంది. తూర్పుకి పోయేవాళ్ళకి అది ఊతం, పడమరకి పోయేవాళ్ళది ఏటికి ఎదురీతే. దీన్ని స్పష్టంగా చూడాలంటే ఆస్ట్రేలియాలోనే పెర్త్–సిడ్నీ చూడండి. దూరం 3,280 కి.మీ. పెర్త్ నుంచి సిడ్నీకి నాలుగు గంటల పైచిలుకు, సిడ్నీ నుంచి పెర్త్‌కి ఐదు గంటల దాకా పడుతుంది. లండన్–న్యూయార్క్ దారిలోనూ అంతే, అటు వెళ్ళడానికి 8 గంటలు, ఇటు రావడానికి 7. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల్లో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద వేగం గంటకి 1,300 కి.మీ. దాటింది, అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న గాలే అంత జోరుగా కదులుతోంది.

వెళ్ళేటప్పుడు గాలి సాయం చేస్తుంది, వచ్చేటప్పుడు అడ్డుపడుతుంది, మొత్తం మీద సమానమే కదా అని కొందరు అంటారు. కాదు. 9,000 కి.మీ. దూరం, 900 వేగం, 100 గాలి అనుకోండి. గాలి లేకపోతే రానూపోనూ 20 గంటలు. గాలి ఉంటే వెళ్ళడానికి 9, రావడానికి 11 గంటల 15 నిమిషాలు, మొత్తం 20 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అది లాక్కునేది, ఊతమిచ్చే గాలి తిరిగి ఇచ్చేదాని కంటే ఎప్పుడూ ఎక్కువే.

భూమి తిరగడం వల్ల పడమరకి వెళ్ళే విమానం త్వరగా చేరాలి కదా అని ఈ ప్రశ్న కింద ఎవరో అడిగారు. అలా జరగదు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది, నేల మీద నిలబడి ఉన్నప్పుడే విమానం కూడా ఆ వేగంతోనే తిరుగుతోంది. భూభ్రమణం వల్ల పడమటి గాలులు ఏర్పడతాయి, ఆ గాలుల ద్వారానే దాని ప్రభావం మన దాకా వస్తుంది. అది కూడా మీరు అనుకున్నదానికి వ్యతిరేక దిశలో, తూర్పుకి వెళ్ళేవాళ్ళకి లాభంగా.

గాలి కోసం దూరాన్ని వదులుకోవడం కూడా మామూలే. దీనికి నేను కొత్తవాళ్ళకి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా తూర్పుకి నడిపింది. దూరం దాదాపు 15,300 కి.మీ., పాత దారి కంటే సుమారు 1,400 కి.మీ. ఎక్కువ. పట్టింది పద్నాలుగున్నర గంటలు, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ! దారంతా గాలి వెనక నుంచి తోసింది మరి. దూరం, సమయం ఒకదాని వెంట ఒకటి నడవవని ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు కనపడలేదు.

గాలి కాక మిగిలింది ఆకాశంలో తలుపులు మూసుకోవడం. పైన చెప్పిన ఆ అందమైన దారం రష్యా మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరి తర్వాత ఐరోపా ఎయిర్‌లైన్స్‌కి రష్యా గగనతలం మూసుకుపోయింది. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో వెళ్ళే విమానాలు రష్యాని చుట్టుకుని వెళ్ళడంతో 13 గంటల దాకా పట్టడం మొదలైంది. ఊళ్ళ మధ్య దూరం అంగుళం మారలేదు. లండన్ నుంచి సింగపూర్ వైపు వెళ్ళే విమానాలు ఇంకా దక్షిణంగా పోతాయి, అక్కడ పశ్చిమాసియాలో పరిస్థితిని బట్టి దారులు మారుతుంటాయి. 2024లో ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్ వాళ్ళ పెర్త్–లండన్ విమానం ఇరాన్ గగనతలాన్ని తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు పడమరకి వెళ్ళేది సింగపూర్‌లో ఆగి ఇంధనం నింపుకుంది. లండన్ నుంచి పెర్త్‌కి తిరిగి వచ్చేది మాత్రం ఆగకుండానే నడిచింది. ఊళ్ళూ అవే, అదే రకం విమానం. ఒక వైపు గాలి ఊతమిచ్చింది, ఇంకో వైపు ఇవ్వలేదు.

ఇక్కడి నుంచి మీ మూడో ప్రశ్నకి, ఆగకుండా పోయే విమానం ఎందుకు లేదు అన్నదానికి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు రోజూ నడిచే వాటిలో అతి పొడవైనది సింగపూర్–న్యూయార్క్, 15,300 కి.మీ. పైన, 18 గంటలు దాటుతుంది. లండన్–సిడ్నీ దానికి ఇంకో 1,700 కి.మీ. ఎక్కువ. వినడానికి చిన్నదే, కానీ ఆఖరి రెండు గంటలకి కావలసిన ఇంధనాన్ని మొదటి 18 గంటలూ మోసుకుపోవాలి, ఆ మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. దారి ఇంధనం కాక, అనుకోని వాటికి కొంత, దిగాల్సిన చోట దిగలేకపోతే ఇంకో విమానాశ్రయానికి పోవడానికి కొంత, అన్నీ అయ్యాక కూడా అరగంట పాటు గాల్లో తిరగగలిగేంత ఆఖరి నిల్వ ఉండాలి. ఇవన్నీ నింపితే విమానం బరువు పరిమితి దాటిపోతుంది, దాటకూడదంటే మనుషుల్నీ సరుకునీ తగ్గించాలి.

ఎగరడం సాధ్యం కాదని మాత్రం కాదు. 1989 ఆగస్టులోనే క్వాంటాస్ కొత్త 747-400ని లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా తెచ్చింది, 20 గంటల 9 నిమిషాలు పట్టింది. టికెట్లు అమ్మిన ప్రయాణం కాదది, పిడికెడు మందితో, రన్‌వే దాకా ఇంజన్లు వాడకుండా ట్రాక్టరుతో లాక్కెళ్ళి, అక్కడి నుంచి ఎగిరారు, ఆ కాస్త ఇంధనం కూడా పోకూడదని. 2019 నవంబరులో 787-9తో మళ్ళీ చేశారు, 19 గంటల 19 నిమిషాలు, లోపల సుమారు యాభై మంది. చూశారా, మీరు వేసిన 19 గంటల లెక్క అక్కడికే వచ్చింది! అంటే మీ లెక్క పూర్తిగా దారి తప్పిందేమీ కాదు, ఆగకుండా, తూర్పుకి, గాలి కలిసొచ్చి పోతే ఎంత పడుతుందో అదే చెప్పింది. నిండా ప్రయాణికులతో ఇదే పని చేయడానికి 2022లో క్వాంటాస్ 12 ఎ350-1000 విమానాలు ఆర్డర్ చేసింది, వాటిలో అదనంగా 20,000 లీటర్ల ట్యాంకు, సీట్లు 238 మాత్రమే. మామూలుగా ఆ సైజు విమానంలో మూడు వందల పైన ఉంటాయి. ఆ తగ్గిన సీట్ల ఖర్చు మిగతా టికెట్ల మీదే పడుతుంది కాబట్టి, అలాంటి విమానం నడిచినా సింగపూర్‌లో ఆగే టికెట్లకి గిరాకీ ఏమీ తగ్గదని నా అభిప్రాయం. ఈలోగా ఒక్కసారే ఆగుతూ తక్కువ విసుగుతో వెళ్ళాలంటే లండన్–పెర్త్ ఉంది, 2018 మార్చి నుంచి నడుస్తోంది, 14,500 కి.మీ., సుమారు 17 గంటలు, ఆ తర్వాత పెర్త్–సిడ్నీ.

ఆలస్యమైతే పైలట్ వేగం పెంచి సమయం కలుపుకోవచ్చుగా అని కూడా అడిగారు. కొంచెమే. మ్యాక్ 0.85 నుంచి 0.87కి పెంచితే పెరిగేది రెండు శాతం పైచిలుకు, 13 గంటల ప్రయాణంలో అది పదిహేను, ఇరవై నిమిషాలు. దానికి కాలే అదనపు ఇంధనం మాత్రం ఆ దామాషాలో ఉండదు, ఎక్కువే ఉంటుంది. గంట ఆలస్యంగా బయల్దేరిన విమానం టైముకే దిగిందంటే అది వేగం వల్ల కాదు, టైమ్‌టేబుల్‌లో ముందే కొంత సడలింపు పెట్టుకోవడం వల్లా, ఆ రోజు గాలి కలిసిరావడం వల్లా.

టికెట్ మీద ఉండేది విమానం గాల్లో ఉండే సమయం కాదని ఇక్కడే చెప్పాలి. గేటు దగ్గర విమానాన్ని వెనక్కి నెట్టినప్పటి నుంచి, దిగాక ఇంకో గేటు దగ్గర ఆగేదాకా మొత్తం లెక్క. హీత్రో లాంటి చోట టాక్సీయింగ్‌కే, అంటే గేటుకీ రన్‌వేకీ మధ్య నేల మీద నడవడానికే పావుగంట, ఇరవై నిమిషాలు సులువుగా పోతాయి, దిగేముందు పైన చక్కర్లు కొట్టించడమూ అక్కడ మామూలే. సిడ్నీలో ఇంకో నియమం ఉంది, రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ, కొన్ని మినహాయింపులు తప్ప విమానాలు దిగకూడదు, లేవకూడదు. గాలి బాగా కలిసొచ్చి ముందే చేరుకునేలా ఉన్నా లాభం లేదు, అందుకే ఉదయం 6 తర్వాత దిగేలా వెనక నుంచి లెక్క వేసుకుని బయల్దేరే టైము పెడతారు.

ఇంకెప్పుడైనా రెండు దూరపు ఊళ్ళ మధ్య సమయం అంచనా కావాలంటే నేను వాడే మోటు లెక్క ఇది: గ్రేట్ సర్కిల్ కిలోమీటర్లని 850తో భాగించి, ప్రతి విమానానికి 35 నిమిషాలు కలపండి. లండన్–సింగపూర్‌కి 13 గంటల 20 నిమిషాల పైన, సింగపూర్–సిడ్నీకి 8 గంటలు వస్తుంది, మీ టికెట్‌తో పోల్చి చూడండి. మధ్య అక్షాంశాల్లో పడమరకి పోతుంటే పైన అరగంట నుంచి గంట వేసుకోండి, తూర్పుకి పోతుంటే కొంచెం తగ్గించండి. రష్యా లాంటి మూసేసిన ఆకాశం దారిలో అడ్డం వస్తే మాత్రం ఈ లెక్క పనిచేయదు. అప్పుడు విమానాల కదలికలు చూపించే ఫ్లైట్‌రాడార్24 వెబ్‌సైట్‌లో గానీ ఫ్లైట్‌అవేర్‌లో గానీ ఆ విమానం నంబరు కొట్టి గత వారం రోజుల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూసుకోవడమే సరైన పద్ధతి. ఏ వెబ్‌సైట్ చెప్పే సగటు కంటే కూడా ఆ ఏడు అంకెలు నమ్మదగ్గవి.

మీ టికెట్ విషయంలో రెండు మాటలు. సింగపూర్‌లో రెండు గంటలు చాలా అంటే, రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే సరిపోతాయి, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా ఇంకో విమానంలో పంపాల్సిన బాధ్యత వాళ్ళదే. విడివిడిగా కొన్న టికెట్లయితే రెండు గంటలతో అస్సలు సాహసం చేయకండి, సామాను మళ్ళీ తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు, తప్పితే కొత్త టికెట్ మీ డబ్బుతోనే. తిరుగు ప్రయాణంలో సింగపూర్–లండన్ భాగం 14 గంటలు, అదీ ఎదురుగాలిలో, ఆ రోజు గాలి బలంగా ఉంటే ఇంకో ఇరవై నిమిషాలో అరగంటో ఎక్కువ పట్టొచ్చు. లండన్‌లో దిగగానే రైలో బస్సో ముందే బుక్ చేసుకునే ఉద్దేశం ఉంటే 6:15ని పట్టుకుని లెక్క వేయకండి, ఉదయం 9 తర్వాతది చూసుకోండి.